పొలం కింద బొగ్గు బాయి ఉందా? నెర్రెను తేలిగ్గా తీసుకోకండి

సాయంత్రం మడికి పెట్టిన నీళ్లు తెల్లారేసరికి లేవు. ఎలుక బొక్క పడిందేమోనని ఒడ్డంతా వెతికారు, కనబడలేదు. నాలుగు రోజులకు పక్క చెలకలో బెత్తెడు వెడల్పు నెర్రె తేలింది. బొగ్గు బాయిల పక్కన సేద్యం చేసే రైతు ఇలాంటప్పుడు ఎండనే కాదు, భూమి కింది పనినీ అనుమానించాలి.

భూమి ఎందుకు కుంగుతుంది?

గోదావరి లోయలో బొగ్గు తవ్వకం 1889లో ఇల్లెందు దగ్గర మొదలైంది. భూగర్భ గనిలో ముందు సొరంగాలు తోలి, మధ్యలో బొగ్గు స్తంభాలను వదులుతారు. వాటినే పిల్లర్లు అంటారు. పైకప్పును మోసేవి అవే. తర్వాత ఆ పిల్లర్లనూ తీసేస్తే కప్పు కూలుతుంది. ఆ కుంగుడు పొర తర్వాత పొరగా పైకి పాకి మన పొలం దాకా వస్తుంది. ఖాళీలో ఇసుక నింపితే కుంగుడు చాలా తగ్గుతుంది. నింపకుండా వదిలేస్తే, 3 మీటర్ల మందం బొగ్గు తీసిన చోట పైన నేల మీటరుకు మించి దిగిపోవచ్చు.

ఇంకో సంగతి. బొగ్గు తీసిన జాగా మీదనే నేల కుంగుతుందని అనుకోవద్దు. లోతును బట్టి ఆ అంచు దాటి పదుల మీటర్ల దూరం కూడా కుంగుడు పాకుతుంది. నడుమ నేల పళ్లెంలా దిగుతుంది, అంచుల్లో సాగి నెర్రెలు పడతాయి. పిల్లర్లు వదిలేసిన పాత బాయిల్లో ఎన్నో ఏళ్ల తర్వాత కూడా కూలే ప్రమాదం ఉంది.

ఎండ నెర్రెనా, బాయి నెర్రెనా?

నల్లరేగడిలో ఎండకు పడే నెర్రెలు వలలా నలువైపులా ఉంటాయి, వానకు మూసుకుంటాయి. బాయి నెర్రె పొడుగ్గా ఒకే వరుసలో సాగుతుంది. ఒడ్డును, బాటను కూడా కోసుకుంటూ పోతుంది. చాలాచోట్ల ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క పల్లంగా కనిపిస్తుంది. వాన పడ్డా మూసుకోదు, పైగా నీళ్లు మింగుతుంది. బావిలో నీరు ఉన్నట్టుండి తగ్గడం, మడిలో ఒక మూల నీళ్లు నిలవడం, గోడలు పగలడం కూడా గుర్తులే.

వెంటనే ఏం చేయాలి?

* పశువులను, పిల్లలను అటు పోనివ్వకండి. చుట్టూ కంప వేయండి.
* నెర్రెలోకి, గుంతలోకి దిగవద్దు. విషవాయువులు ఉండొచ్చు. దగ్గర బీడీ కాల్చడం, చెత్త తగలబెట్టడం కూడదు. గాలి సోకితే లోపలి బొగ్గు తనంతట తానే వేడెక్కి అంటుకోవచ్చు. వెచ్చటి ఆవిరి, పొగ వస్తే వెంటనే బాయి వాళ్లకు చెప్పండి.
* ఎగువన చిన్న కట్ట వేసి వాన నీటిని పక్కకు మళ్లించండి. ఆ నీరు నేరుగా గనిలోకి దిగొచ్చు. కింద పని చేసేది మన ఊరి పిల్లలే.
* బాయి వాళ్లు చూసి, కొలతలు తీసుకున్నాకే నెర్రెను పూడ్చాలి. అడుగున రాళ్లు, పైన మొరం, ఆపైన బంకమట్టి వేసి దిమ్మిస చేయాలి. మట్టి దిగుతుంది కాబట్టి కాస్త ఎత్తుగా పోయాలి. పెంట, గడ్డి వేస్తే కుళ్లి మళ్లీ గుంత పడుతుంది.
* కుంగుడు ఆగకముందే మడి చదును చేయించి డబ్బులు పోగొట్టుకోవద్దు. అందాకా నేల గట్టిగా ఉన్న భాగంలో వరి మాని కంది, మొక్కజొన్న వంటి ఆరుతడి పంటలు వేసుకోండి.

కాగితం ముఖ్యం

నెర్రె పొడవు, వెడల్పు, బావి నీటిమట్టం తేదీ వేసి రాసుకోండి. ఫొటోలు తీయించండి. పట్టాదారు పాస్ పుస్తకం నకలు జతచేసి గని మేనేజరుకు, తహసీల్దారుకు, వ్యవసాయ అధికారికి దరఖాస్తు ఇచ్చి, ముట్టినట్టు సంతకం తీసుకోండి. మీ సర్వే నంబరులో పైభూమి కూడా సేకరించారా, కింది హక్కు మాత్రమే తీసుకున్నారా అన్నది అడిగి తెలుసుకోండి. 2017 బొగ్గు గనుల నిబంధనల ప్రకారం పిల్లర్లు తీయడానికి గనుల భద్రతా డైరెక్టరేట్ అనుమతి ఉండాలి. పబ్లిక్ రోడ్లు, గనివి కాని ఇళ్లకు 45 మీటర్ల లోపు పని చేయాలన్నా అనుమతి కావాలి.

నష్టం జరిగాక నోటిమాట నిలవదు. నెర్రె కనబడిన రోజే కొలిచి రాసిపెట్టుకున్న రైతు మాటకే బలం ఉంటుంది.