కొండత్రోవ సైకిలును, గుండెపోటును, తోడివారును

సైకిలు అనగానే మనకు బడిత్రోవయు, సంతకుబోవు గట్టుదారియు జ్ఞప్తికి వచ్చును. పాలు పోయువానికిని, టపా తెచ్చువానికిని అది జీవనోపాధి. అయితే బండి నడువని కొండత్రోవలందు, రాళ్లమీదుగను చెట్లవేళ్లమీదుగను, కేవలము వినోదమునకై సైకిలు నడుపువారు లోకమున అనేకులు గలరు. ఈ వ్యాయామము అమెరికా దేశపు కాలిఫోర్నియా రాష్ట్రమున, శాన్‌ఫ్రాన్సిస్కో నగరమునకు ఉత్తరముననున్న మారిన్ జిల్లాయందు, 1970 తరువాతి సంవత్సరములలో రూపు దాల్చినది. అచ్చటి యువకులు కొందఱు వెనుకటితరమువారు వాడి విడిచిన లావుటైర్ల సైకిళ్లను కొండపైకి చేర్చి, క్రిందికి దౌడు తీయించుచుండిరి. ఫేర్‌ఫాక్స్ పట్టణమునకు చేరువనున్న యొక త్రోవ సుమారు 2 మైళ్లలో 1,300 అడుగులు దిగును. ఆ పాత సైకిళ్లకు బ్రేకు వెనుకచక్రపు ఇరుసులోనే యుండెడిది. ఒక్కమారు కొండ దిగునప్పటికి ఆ వేడికి లోపలి గ్రీజు పొగయై పోవుచుండెను. మరల గ్రీజు కూరినగాని సైకిలు పనికిరాకుండెను. మరల కూరుట యను అర్థమున ఆ త్రోవకు 'రీప్యాక్' అని పేరు కలిగినది. 1976 అక్టోబరు 21వ తేదీన అచ్చట మొదటి పందెము జరిగెను. మరుసటి యేడు జో బ్రీజ్ అనునాతడు ఇట్టి త్రోవలకే తగిన చట్రమును స్వయముగా నిర్మించెను.

ఆనాటి యువకులు ఇప్పుడు డెబ్బది యేండ్లవారు. వారిని చూచి నేర్చినవారును నడివయస్సు దాటుచున్నారు. కావున నిట్టి త్రోవలమీద గుండెపోటు వచ్చుట వింత కాదు. నిత్యము దేహమును వంచువానికి గుండెజబ్బు వచ్చుట తక్కువ. బొత్తిగా రాదని మాత్రము చెప్పరాదు. వచ్చినవాడు తిరిగి సైకిలెక్కగలడా? ఎక్కగలిగినచో అందు వైద్యునిపాలెంత, తోడివారిపాలెంత? ఈ పాఠమున మేము విచారింపదలచినది యిదియే.

ముందుగా గుండెసంగతి తెలిసికొందము. అది పిడికిలియంత యుండును. పెద్దవానిలో సుమారు 300 గ్రాములు తూగును. దినమునకు దాదాపు లక్షమారులు కొట్టుకొనును. తనలోనుండి ఎంత నెత్తురు ప్రవహించుచున్నను ఆ కండ దానిని నేరుగా త్రాగజాలదు. చెఱువుగట్టు క్రింది చేనికైనను కాలువ కావలసినట్లు, గుండెకును వేఱుగా నాళములు కావలెను. బృహద్ధమని మొదటనే పుట్టి, గుండెపై అల్లుకొను రెండు ధమనులు ఈ పని చేయును. వీనికి కరొనరీ ధమనులని పేరు. పొగత్రాగుటవలనను, రక్తపుపోటు, మధుమేహములవలనను, నెత్తురులోని చెడ్డ క్రొవ్వువలనను, వయస్సుచేతను, వంశముచేతను ఈ ధమనుల గోడలలో క్రొవ్వు పేరుకొనును. ఏండ్లకొలది యది యెట్టి బాధయు కలిగింపకయుండవచ్చును. ఒకనాడు దాని పైపొర చిట్లును. చిట్లినచోట నెత్తురు గడ్డకట్టి కాలువను మూయును. ఆ కాలువనీటితో బ్రదుకు కండ అరగంట మొదలుకొని చావనారంభించును. కొన్ని గంటలలో చావవలసినదంతయు చచ్చును. చచ్చిన కండకు మాఱుగా కొత్తకండ పుట్టదు. కొన్ని వారములలో అచ్చట గట్టిమచ్చ యేర్పడును.

ఇప్పుడు 58 యేండ్ల సైకిలుదారు నొకని మనస్సున నిలుపుకొందము. ఆదివారము ఉదయమున ముగ్గురు చెలికాండ్రతో మారిన్ కొండ నెక్కుచున్నాడు. సగముదూరమున రొమ్ముమీద రాయి పెట్టినట్లయినది. ఎడమచేయి, దవడ లాగుచున్నవి. చల్లని చెమట పోసినది. ఆతడేమనును? "ప్రొద్దున తిన్నది అరుగలేదు. ఒకింతసేపు కూర్చుండి వచ్చెదను. మీరు పొండు" అనును. ఇట్లు పలుకుట లోకస్వభావము. మన యిండ్లలోను 'వాయువు' అని వాము నమలి పడుకొనువారు లేరా? (స్త్రీలకును, మధుమేహముగలవారికిని రొమ్మునొప్పి లేకయే ఆయాసము, వికారము, మితిమీరిన అలసట మాత్రమే తోచుటయు కలదు. ఇది తల్లిదండ్రులు ముఖ్యముగా గుర్తింపదగినది.)

స్నేహితులు చేయవలసిన మొదటిపని అతని మాట వినకుండుటయే. ఆతనిని మరల సైకిలెక్కనీయరాదు, నడిపింపరాదు, ఒంటరిగా విడువరాదు. ఆ దేశమున 911కును, మన దేశమున 108కిని వెంటనే ఫోను చేయవలెను. ఆస్పిరిన్ మాత్ర నమలించుమని అవతలివారు చెప్పినచో, ఆ మందు పడనివాడు కానియెడల, నమలింపవలెను. కొండమీద మఱియొక చిక్కు కలదు. ఆంబులెన్సు వచ్చినను ఏ మలుపున రోగి యున్నాడో దానికి తెలియదు. కనుక ఒకడు రోగిచెంత నిలువగా, ఒకడు క్రిందికి బాటవఱకు పోయి వారిని తోడ్కొని రావలెను. ఒకవేళ రోగి స్పృహదప్పి, శ్వాస నిలిచినచో, ఱొమ్ముయెముక నడుమ రెండుచేతులతో నిమిషమునకు 100 మొదలు 120 మారులవఱకు, రెండంగుళముల లోతున, గట్టిగా నొక్కుచుండవలెను. ఈ పద్ధతిని 1960లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విద్యాలయమువారు ప్రకటించిరి. వారిలో కూవెన్‌హోవెన్ అను పెద్దమనిషి విద్యుచ్ఛక్తి యింజనీరు. ప్రాణము నిలుపు విద్య వైద్యుల సొత్తు మాత్రమే కాదనుటకు ఇంతకన్న నిదర్శన మక్కఱలేదు. మన పై తరగతుల బాలబాలికలు దీనిని ఒక పూటలో నేర్వగలరు.

ఆసుపత్రిలో జరుగునది క్లుప్తముగా చెప్పెదము. మణికట్టు ధమనిగుండ సన్నని గొట్టమును గుండెవఱకు పంపి, మూసుకొనినచోట చిన్న బెలూనును ఉబ్బించి, కాలువ తెఱచి, తిరిగి మూయకుండ స్టెంటు అను లోహపువలను నిలుపుదురు. కరొనరీ ధమనిలో బెలూను చికిత్సను మొదట చేసినది జూరిక్ నగరమున గ్రూంట్‌జిగ్ అను వైద్యుడు, 1977 సెప్టెంబరు 16వ తేదీన. జో బ్రీజ్ తన చట్రమును అతికినదియు ఆ యేటనే యనుట యాదృచ్ఛికమే అయినను, ఆ రెండును నేడు ఒకే మనుష్యునికి ఉపయోగపడుచున్నవి.

రోగి కొన్నిదినములలోనే యింటికి వచ్చును. ఇది మన తాతలనాడు ఊహకందని సంగతి. షికాగో వైద్యుడు హెరిక్ 1912లో కరొనరీ ధమని మూసుకొనినను మనుష్యుడు బ్రదుకవచ్చునని నిరూపించిన పిమ్మట, బ్రదికినవానిని వారములకొలది మంచముపై కదలక పరుండబెట్టుట ఆచారమాయెను. గుండెకు విశ్రాంతి నిచ్చుటే వారి ఉద్దేశము. కాని కదలనివాని కాళ్లలో నెత్తురు గడ్డకట్టెడిది, కండలు కరిగెడివి, ధైర్యము అంతకుముందే కరిగెడిది. 1952లో బోస్టను నగరమున లెవైన్, లోన్ అను వైద్యులిద్దఱు రోగులను మంచమునుండి లేపి కుర్చీలో కూర్చుండబెట్టి మేలు చూపిరి. ఒక కుర్చీ యింత మార్పు తెచ్చునని యెవరనుకొందురు?

లోకము కన్నులు తెఱచినది 1955లో. ఆ సెప్టెంబరు 24వ తేదీన డెన్వరు నగరమున అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవరునకు గుండెపోటు వచ్చెను. ఆయన వైద్యుడును తొలుత అజీర్ణమనియే తలచెను! బోస్టనునుండి పాల్ డడ్లీ వైట్ అను హృద్రోగవైద్యుని పిలిపించిరి. వైట్ పత్రికలవారిని కూర్చుండబెట్టి, జబ్బు ఇట్టిది, మచ్చ ఇట్లు కట్టును అని దాపఱికము లేక పాఠము చెప్పెను. రోగి పనికి తిరిగి పోవచ్చునని ఆయన అభిప్రాయము. అధ్యక్షుడు నవంబరు 11వ తేదీన ఆసుపత్రి విడిచెను, 1956లో మరల ఎన్నికయ్యెను, 1969వఱకు జీవించెను. ఈ వైట్ మహాశయుడు స్వయముగా సైకిలు భక్తుడు. వృద్ధాప్యమునను సైకిలు నడిపి, ఇతరులను నడుపుమని ప్రోత్సహించెను. బోస్టనులో చార్లెస్ నదియొడ్డు సైకిలుబాటకు ఆయన పేరే పెట్టిరి. గుండెజబ్బునకును సైకిలునకును చుట్టఱికము కలిపినవాడు ఈయనయే యని మా తలంపు.

మన సైకిలుదారు ఇల్లు చేరెను. ఇక్కడనే అసలు కష్టము మొదలగును. ధమని తెఱచుకొన్నది గాని మనస్సు మూసుకొన్నది. ప్రతి చిన్న పోటును మరల గుండెపోటే యని తోచును. రాత్రి నిద్రపట్టక నాడి చూచుకొనును. గుండెపోటు వచ్చినవారిలో ఇంచుమించు అయిదుగురిలో నొకరికి తీవ్రమైన మనోవ్యాకులత కలుగుచున్నదని వైద్యులు కనుగొనిరి. అట్టివారు మందులు సరిగా మ్రింగరు, వ్యాయామమునకు పోరు. వారిలో మరణములును హెచ్చు. కొండపై అందఱికన్న ముందు పోయినవాడు ఇప్పుడు వీథిచివఱకు పోవుటకు జంకును. సైకిలును చూచినచో కన్నీరు వచ్చునే గాని చేయి చాపడు.

ఇచ్చట స్నేహితుల విలువను లెక్కలే చెప్పుచున్నవి. మారిన్ కొండలకు అఖాతపు ఆవలియొడ్డుననున్న అలమీడా జిల్లాలో 1965 మొదలు తొమ్మిదేండ్లపాటు 6,928 మందిని గమనించిరి. బంధుమిత్రులతోను సంఘములతోను సంబంధములు మిక్కిలి తక్కువగలవారు, ఎక్కువగలవారికంటె రెండింతలకు మించి మరణించిరని బర్క్‌మన్, సైమ్ అను పండితులు 1979లో ప్రకటించిరి. 1984లో రూబర్‌మన్ మొదలగువారు గుండెపోటునుండి బ్రదికిన 2,320 మంది పురుషులను పరిశీలించిరి. ఒంటరితనమును, జీవితపు ఒత్తిడియు రెండును అధికముగా నున్నవారికి మరణభయము ఆ రెండును తక్కువగా నున్నవారికన్న నాలుగింతలు మించినది.

అట్లయినచో స్నేహమును మందువలె చీటిపై వ్రాసి యియ్యవచ్చునా? ఆ ప్రయత్నమును జరిగినది. 2003లో ప్రకటితమైన యొక గొప్ప పరిశోధనలో 2,481 మంది రోగులలో సగముమందికి శిక్షణపొందిన సలహాదారుల నేర్పరచిరి. దిగులు కొంత తగ్గినది. ఒంటరితనము కొంత తగ్గినది. మరణములును, మరల వచ్చు గుండెపోట్లును మాత్రము తగ్గలేదు. సలహాదారులను తప్పుపట్టుట మా ఉద్దేశము కాదు. దిగులు తగ్గుటయు చిన్న లాభము కాదు. కాని కొన్ని నెలలలో కూర్చిన సాంగత్యము, ఏండ్లతరబడి ఒకే త్రోవ త్రొక్కినవారి సాంగత్యమునకు సమానమగునా యను సందేహము మాకు కలదు.

స్నేహితులలోను తెగలున్నవి. పరామర్శకు వచ్చి, ఇట్లే గుండెపోటు వచ్చి పోయినవారి కథలన్నియు విప్పువాడొకడు. 'ఇక సైకిలు మాట తలపెట్టకు' అని శాసించువాడొకడు. 'నీకేమి, పులివి, ఈ వారమే కొండెక్కుదము' అని రెచ్చగొట్టువాడొకడు. ఈ మువ్వురిని గుమ్మముకడనే ఆపుట మేలు. మన సైకిలుదారుని చెలికాండ్రు వేఱువిధమువారు. ఒకడు సాయంకాలమున వచ్చి, 'నేను నడువబోవుచున్నాను, రమ్ము' అనును. మొదటిదినము పదినిమిషములే నడచును. మఱియొకడు అతనిని ఆసుపత్రివారి వ్యాయామశాలకు తీసికొనిపోవును. ఆ దేశమున దీనికి సాధారణముగా 36 దినముల వ్యాయామక్రమము కలదు. వాహనము లేకయు, తోడు లేకయు మానుకొనువారు పెక్కుమంది. మూడవవాడు వారమునకొకరాత్రి రోగిచెంత కూర్చుండును. ఆ రాత్రి అతని భార్య నిదురపోవును. ఆమె అప్పటికి ఎన్నిరాత్రులుగా అతని ఊపిరిని వినుచు మేలుకొనియున్నదో ఎవ్వరును అడిగియుండరు.

సైకిలెక్కు దినమును వైద్యుడు నిర్ణయింపవలెను గాని స్నేహితుడు కాదు. నడుపుపట్టీమీద గుండెను పరీక్షించిన పిమ్మట మొదట ఇంటిలో నిలుకడ సైకిలు, ఆపైన చదునైన బాట, చివఱకు కొండ. ఇందు రెండు చిక్కులు కలవు. గుండెవేగమును తగ్గించు మందులు వాడువాని నాడి ఎంత శ్రమపడినను మునుపటంత పెరుగదు. కనుక చేతిగడియారపు అంకెలను నమ్మరాదు. ప్రక్కవానితో వాక్యము పూర్తిగా పలుకగలిగినంతవఱకే తొక్కవలెను. పలుకుటకు ప్రక్కవాడు ఉండవలెను గదా! రెండవది, స్టెంటు పెట్టినవానికి నెత్తురు గడ్డకట్టకుండ రెండువిధముల మందులను తఱచుగా ఒక సంవత్సరము ఇత్తురు. అప్పుడు రాతిమీద పడినచో చిన్నగాయమును ఊరక కారుచుండును. తలకు దెబ్బ తగిలినచో ప్రాణాపాయము. అందుచేత ఆ యేడు గతుకుల దిగుడుత్రోవలు మాని, వెడల్పైన మట్టిబాటలతో తృప్తిపడుట మంచిది. ఎక్కుడులో సాయపడు విద్యుత్తు మోటారుగల సైకిళ్లు ఇప్పుడు వచ్చినవి. వానిని ఎగతాళిచేయు పడుచువారు కొందఱున్నారు. వారికి మేము జవాబీయము.

మొదటి కొండదినమున ఆతని సంచిలో నీళ్లసీసా, మందుల పేర్లు వ్రాసిన చీటి, వైద్యుడు ఇచ్చియున్నచో నాలుకక్రింది మాత్ర, ఫోను ఉండవలెను. ఫోనులో కొండచాటున సంకేతము అందకపోవచ్చును గనుక, ఏ త్రోవను పోవుచున్నారో, ఎన్నిగంటలకు దిగుదురో ఇంటిలో చెప్పి బయలుదేరవలెను. ఆతడు ముందు పోవును. తక్కిన ముగ్గురు అతని వేగముననే వెనుక వత్తురు. మునుపు నొప్పి వచ్చిన మలుపుకడ ఆతడు దిగి నిలుచును. వారును దిగుదురు. ఎవ్వరును తొందరపెట్టరు. నీళ్లు త్రాగి, చక్రములలో గాలి చూచి, పైకి పోవుదమా, ఇంటికి మరలుదమా యని అతనినే యడుగుదురు.