మార్కాపురం మిద్దె మీద హ్యామ్ రేడియో: కొత్తవారికి ఆరు మెట్లు

పశ్చిమ ప్రకాశానికి ఒకపక్క నల్లమల, ఇంకోపక్క వెలిగొండ. కొండల చాటు ఊళ్లలో సెల్ సిగ్నల్ ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. గాలివానకు టవర్లకు కరెంటు పోయినా, ఒక బ్యాటరీ, ఒక తీగ, లైసెన్సు ఉన్న మనిషి ఉంటే కబురు ఆగదు. ఇదే హ్యామ్ రేడియో, అంటే అమెచ్యూర్ రేడియో. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చేసరికి, హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం భారతీ ప్రసాద్ నాయకత్వంలో పోర్ట్ బ్లెయిర్‌లోనే ఉంది. అండమాన్ నుంచి బయటికి కబుర్లు చేరవేయడంలో వాళ్ల రేడియోలు ఎంతో సాయపడ్డాయి. మన ప్రాంతంలోనూ అలాంటి రేడియో కేంద్రాలు ఉండాలి. మొదలుపెట్టే పద్ధతి ఇదీ.

1. ముందు వినండి

ఇంటర్నెట్‌లో వెబ్ ఎస్‌డీఆర్ అనే రిసీవర్లు ఉచితంగా దొరుకుతాయి. ఉదయం పూట 7 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌ను ఎల్‌ఎస్‌బీలో పెట్టి వినండి. ఎవరు ఎలా పిలుస్తున్నారో, కాల్ సైన్ (తమ గుర్తింపు పేరు) ఎలా చెబుతున్నారో వింటూంటే పట్టుబడుతుంది. లైసెన్సు రాకముందు ట్రాన్స్‌మిట్ చేయకూడదు. చవకగా వస్తుందని వాకీటాకీ కూడా అప్పుడే కొనకండి.

2. పరీక్షకు చదవండి

లైసెన్సు పరీక్షను 12 ఏళ్లు నిండిన వారెవరైనా రాయవచ్చు. రేడియో సిద్ధాంతం, నిబంధనలు అని రెండు భాగాలు. లైసెన్సుల్లో రిస్ట్రిక్టెడ్ గ్రేడ్‌కు మోర్స్ సంకేతాలు అక్కర్లేదు. జనరల్ గ్రేడ్‌కు నిమిషానికి 8 పదాల వేగంతో మోర్స్ రావాలి. కొత్తవారు రిస్ట్రిక్టెడ్‌తో మొదలుపెట్టడమే మేలు. ఇంటర్ ఫిజిక్స్‌లోని ఓమ్ నియమం, కెపాసిటర్, ట్రాన్సిస్టర్ తెలిస్తే సగం పాఠం వచ్చినట్టే.

3. దరఖాస్తు చేయండి

టెలికాం శాఖలోని డబ్ల్యూపీసీ విభాగం లైసెన్సు ఇస్తుంది. సరళ్ సంచార్ పోర్టల్‌లో దరఖాస్తు చేయాలి. వయసు, చిరునామా ధ్రువపత్రాలు సిద్ధంగా పెట్టుకోండి. అన్నిట్లో పేరు ఒకేలా ఉండాలి. ఫీజు, పరీక్ష కేంద్రం పోర్టల్‌లోనే చూసుకోండి. లైసెన్సుతోపాటు కాల్ సైన్ వస్తుంది. రిస్ట్రిక్టెడ్‌కు వీయూ3తో, జనరల్‌కు వీయూ2తో అది మొదలవుతుంది.

4. తీగ కట్టండి

వాకీటాకీలు వాడే వీహెచ్‌ఎఫ్ తరంగాలకు కొండ అడ్డం. అందుకే ఈ ప్రాంతంలో 7 మెగాహెర్ట్జ్ డైపోల్‌తో, అంటే రెండు రెక్కల తీగ యాంటెనాతో, మొదలుపెట్టడం మంచిది. మొత్తం తీగ సుమారు 66 అడుగులు, ఒక్కో రెక్క 33. తర్వాత తగ్గించుకునే వీలుండేలా ముందు 34 అడుగుల చొప్పున కత్తిరించండి. ఇంటి వైరింగుకు వాడే రాగి తీగ చాలు. చివర్లకు పీవీసీ పైపు ముక్కలే ఇన్సులేటర్లు.

మిద్దె మీద ఇనుప పైపు నిలబెట్టి నడిమి భాగాన్ని పైకి ఎత్తండి. రెండు రెక్కలూ కిందికి వాలాలి, కానీ చివర్లు ఎవరి చేతికీ అందకూడదు. ఇంత తక్కువ ఎత్తులో తరంగాలు నిటారుగా పైకి వెళ్లి తిరిగొస్తాయి. కాబట్టి పగటిపూట కడప, విజయవాడ, హైదరాబాద్ వంటి దూరాలకు కొండలు అడ్డురావు.

యాంటెనా రేడియోకు ఎంత సరిపోయిందో ఎస్‌డబ్ల్యూఆర్ మీటరుతో కొలవండి. రీడింగ్ అతి తక్కువగా ఉండే చోటు 7.1 మెగాహెర్ట్జ్ కన్నా కింద ఉంటే తీగ పొడుగైనట్టు. రెండు రెక్కలనూ సమానంగా, కొంచెం కొంచెం తగ్గించండి. రీడింగ్ 1.5 లోపుంటే నిశ్చింత. కరెంటు తీగల దగ్గర మాత్రం యాంటెనా కట్టవద్దు. పైపు పడిపోయినా వాటిని తాకనంత దూరం ఉండాలి.

5. కనిపెట్టుకుని ఉండండి

లైసెన్సు ఒకసారి తెచ్చుకుంటే ఏళ్లు నడుస్తుంది. యాంటెనా అలా కాదు. మన ఎండలకు నైలాన్ తాడు పెళుసుబారుతుంది, ఏటా మార్చండి. రేడియో నుంచి యాంటెనాకు వెళ్లే కోయాక్సియల్ కేబుల్ కనెక్టర్‌లోకి నీరు దిగితే కేబులే పాడవుతుంది. రబ్బరు టేపు గట్టిగా చుట్టండి. కేబుల్ ఇంట్లోకి వచ్చే చోట కిందికి వంపు వదిలితే నీరు అక్కడే కారిపోతుంది. రాతి నేలలో ఎర్తింగ్ బలహీనంగా ఉంటుంది కాబట్టి ఎర్త్ గుంటకు వేసవిలో నీళ్లు పోయండి. ఉరుము వినపడకముందే, మబ్బు పట్టగానే కేబుల్ ఊడదీసి ఇంటి బయట పెట్టండి.

నెలకోసారి ఎస్‌డబ్ల్యూఆర్ కొలిచి పుస్తకంలో రాయండి. అంకె ఉన్నట్టుండి పెరిగితే తీగ తెగిందో, కనెక్టర్‌లో నీరు చేరిందో వెతకండి. 2 దాటితే సరిచేసేదాకా ట్రాన్స్‌మిట్ చేయవద్దు. అక్టోబరు వానలకు ముందు ఒకసారి అన్నీ దించి చూసుకోండి.

6. క్లబ్బు కట్టండి

ఇద్దరు ముగ్గురికి లైసెన్సు రాగానే వారానికోసారి ఒక వేళ పెట్టుకుని గాలిలో కలుసుకోండి. దీన్ని నెట్ అంటారు. ఒకరు హాజరు పిలుస్తారు, మిగతావారు కాల్ సైన్ చెప్పి పలుకుతారు. వ్యాపారం, రాజకీయం, మతం మాట్లాడకూడదు. ఏడాదికోసారి, నిబంధనలు చూసుకుని, కంభం చెరువు కట్ట మీద బ్యాటరీతోనే కేంద్రం నడిపి చూడండి. తుపాను రోజున ఏం చేయాలో అక్కడే చేతికి వస్తుంది.

మార్కాపురం, గిద్దలూరు, కంభం సైన్సు మాస్టార్లూ, కాలేజీ విద్యార్థులూ, ఎలక్ట్రీషియన్లూ! ఊరికి ఒక్కరు ముందుకు వచ్చినా చాలు. ఈ నెలలోనే చదవడం మొదలుపెట్టండి.