యాంటీబయాటిక్ వద్దంటే నేరమా?

ప్రశ్న: మా అమ్మకు 84 ఏళ్లు. డిమెన్షియా బాగా ముదిరింది. మంచం దిగదు, మమ్మల్ని గుర్తుపట్టదు, ముద్ద మింగలేదు. నిమ్ము చేసిందని మళ్లీ ఆసుపత్రిలో చేర్చాం. యాంటీబయాటిక్ మొదలుపెట్టమంటారా, వద్దంటారా అని డాక్టరుగారు అడిగారు. అమెరికాలో ఉన్న అన్నయ్య అన్నీ చేయించమంటున్నాడు. నేను వద్దంటే రేపు నామీద కేసు అవుతుందా?

జవాబు: చట్టం చెప్పిన పద్ధతిలో నడిస్తే కాదు. కోలుకునే ఆశ లేని రోగికి ప్రాణాన్ని సాగదీసే వైద్యం మొదలుపెట్టకపోవడాన్ని, మొదలుపెట్టినదాన్ని ఆపడాన్ని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2018 మార్చి 9న కామన్ కాజ్ కేసులో అనుమతించింది. గౌరవంగా కన్నుమూయడం కూడా 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. ప్రాణం తీయడానికి ఇంజెక్షన్ ఇవ్వడం మాత్రం ఇప్పటికీ నేరమే. ఈ తేడా ఎవరూ విడమరిచి చెప్పకపోవడం వల్ల ఎన్నో కుటుంబాలు అమ్మానాన్నలను తామే చంపుకున్నామని కుమిలిపోతున్నాయి. అలా కుమలాల్సిన పని లేదు.

వెంటిలేటర్ గురించి ఆలోచించినంతగా మనం యాంటీబయాటిక్ గురించి ఆలోచించం. మామూలు మందే కదా అనుకుంటాం. డిమెన్షియా చివరి దశలో మింగడం పోతుంది. తిన్నది, ఉమ్మి పొలమారి ఊపిరితిత్తుల్లోకి జారి నిమ్ము చేస్తుంది. మందుతో ఈసారికి తగ్గవచ్చు, కొన్ని రోజులో వారాలో ఆయుష్షు పెరగవచ్చు. మింగే శక్తి మాత్రం తిరిగి రాదు కాబట్టి నిమ్ము మళ్లీ వస్తుంది. ఈలోగా నరం దొరక్క పదేపదే సూదులు, రక్తపరీక్షలు, మందువల్ల విరేచనాలు, సెలైన్ పీకేస్తుందని చేతులు కట్టేయడం. ఇవన్నీ ఎందుకు చేస్తున్నారో అర్థంకాని మనిషి మీద జరుగుతాయి. ఇంకోవైపు, మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి మంటతో అల్లాడుతుంటే అదే యాంటీబయాటిక్ ఉపశమనం ఇస్తుంది. అందుకే డాక్టరును సూటిగా అడగండి: ఈ మందు అమ్మ బాధ తగ్గించడానికా, రోజులు పెంచడానికా? తేల్చుకోలేకపోతే రెండు మూడు రోజులు ఇచ్చి చూసి, గుణం లేకపోతే ఆపుదామని ముందే మాట్లాడుకోవచ్చు. మొదలుపెట్టాక ఆపకూడదన్న నియమం చట్టంలో లేదు.

మందు వద్దన్నంత మాత్రాన వైద్యం మానేసినట్టు కాదు. జ్వరానికి, నొప్పికి, ఆయాసానికి మందులు ఇవ్వాల్సిందే. ఆయాసం తగ్గించే మార్ఫిన్ కూడా అందులో ఒకటి. ఈ ఉపశమన వైద్యం అడగండి, గట్టిగా అడగండి.

ఇక పద్ధతి. తెలివిలో ఉన్న రోగి అయితే ఆమె మాటే ఆఖరు. మీ అమ్మగారి స్థితి అది కాదు. ఆమె ముందుగా వీలునామా లాంటి వైద్య నిర్దేశం రాసి ఉండకపోతే, సుప్రీంకోర్టు 2023 జనవరి 24న సులభతరం చేసిన విధానం వర్తిస్తుంది. వైద్యం చేస్తున్న డాక్టరు, మరో ఇద్దరు నిపుణులు కలిసి ఆసుపత్రిలో ప్రాథమిక బోర్డుగా కూర్చుంటారు. కుటుంబంతో మాట్లాడి, రాతపూర్వక సమ్మతి తీసుకుంటారు. తర్వాత జిల్లా ముఖ్య వైద్యాధికారి నామినేట్ చేసిన డాక్టరుతో కూడిన రెండో బోర్డు చూస్తుంది. ఒక్కో బోర్డు వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. అమలు చేసేముందు ఆసుపత్రి మేజిస్ట్రేట్‌కు తెలియజేస్తుంది. రెండో బోర్డు ఒప్పుకోకపోతే హైకోర్టుకు వెళ్లవచ్చు.

ఈ మందు ఇక పనిచేయదని డాక్టరే వైద్యపరంగా నిర్ణయిస్తే అది వేరే సంగతి. పనికిరాని మందు ఇచ్చి తీరాలని ఏ చట్టమూ చెప్పదు. ఆ మాట, దానికి కారణం కేస్‌షీట్‌లో రాయించండి.

అన్నయ్య పెద్దవాడు కాబట్టి ఆయన మాటే చెల్లుతుందని లేదు, దగ్గరుండి చూసుకున్నారు కాబట్టి మీ మాటే చెల్లుతుందనీ లేదు. మీ ఇద్దరిలో ఎవరికేం కావాలన్నది అసలు ప్రశ్నే కాదు. అమ్మ నోరు తెరిచి చెప్పగలిగితే ఏమనేది? ఎవరి చావు చూసినప్పుడైనా "నాకిలా చేయకండ్రా" అన్నదా? అన్నయ్యను వీడియో కాల్‌లో కూర్చోబెట్టి, డాక్టరు నోటితోనే పరిస్థితి చెప్పించండి. దూరాన ఉన్నవాళ్ల పట్టుదల వెనుక చాలాసార్లు చూడలేకపోయామన్న బాధే ఉంటుంది. దాన్ని వాదనతో గెలవలేరు.

అమ్మగారి తరఫున ఇప్పుడు నిర్దేశం రాయడం కుదరదు. మతి స్థిమితంగా ఉన్న మేజర్ తనకోసం తాను రాసుకోవాలి. మీరు మీకోసం రాసుకోవచ్చు. ఇద్దరు సాక్షులు, వీలైతే బయటివాళ్లు, సంతకం చేయాలి. నోటరీగానీ గెజిటెడ్ అధికారిగానీ ధ్రువీకరించాలి. మీ తరఫున మాట్లాడేవారి పేర్లు అందులో ఉండాలి. "వెంటిలేటర్ వద్దు" అని ఒక్క ముక్క రాసి వదిలేయకండి. నిర్దేశం అస్పష్టంగా ఉంటే బోర్డులు అమలు చేయవు. ఇలా రాయవచ్చు: "నేను కోలుకోలేని స్థితిలో ఉండి, నా నిర్ణయం నేను చెప్పలేనప్పుడు ఇన్ఫెక్షన్ సోకితే, ఆయుష్షు పొడిగించడానికి యాంటీబయాటిక్స్ ఇవ్వవద్దు. నా బాధ తగ్గించడానికైతే ఇవ్వవచ్చు." మనసు మారితే ఎప్పుడైనా రాతపూర్వకంగా రద్దు చేసుకోవచ్చు. ప్రతులు ఇంటి డాక్టరుకు, మీరు పేర్కొన్నవారికి ఇవ్వండి. అన్నయ్యకూ ఒకటి పంపండి.