సూదిమొనను పరీక్షించిన శాస్త్రజ్ఞుడు

కాలిలో ముల్లు విరిగినపుడు నొప్పి కలుగును. దానిని తీయుటకు సూదిని వాడినచో మరికొంత నొప్పి కలుగును. ఇది బాలురందరు నెరిగిన విషయమే. కాని సూదిని గ్రుచ్చి నొప్పిని పోగొట్టవచ్చునని చీనాదేశపు వైద్యులు రెండువేల యేండ్లుగా చెప్పుచు వచ్చిరి. దేహమున ప్రాణశక్తి కొన్ని మార్గముల వెంట ప్రవహించుననియు, ఆ మార్గములలో నియతమైన స్థానములందు సన్నని సూదులను గ్రుచ్చినచో బాధ శమించుననియు వారి సిద్ధాంతము. ఈ చికిత్సకు ఆక్యుపంక్చర్ అని పేరు. ఇది నిజమా? లేక రోగి నమ్మకమే ఆతని నొప్పిని తగ్గించుచున్నదా? ఈ ప్రశ్నకు ప్రయోగముల ద్వారా జవాబు వెదకినవారిలో ముఖ్యుడు హాన్ జీషెంగ్.

హాన్ 1928లో జెజియాంగ్ రాష్ట్రమున జన్మించెను. షాంఘైలో వైద్యవిద్య నభ్యసించి, శరీరధర్మశాస్త్రమున ఆచార్యుడయ్యెను. 1965 ప్రాంతమున చీనాలో కొందరు రోగులకు సూదుల సాయముతో నొప్పిని అణచి శస్త్రచికిత్సలు చేయుచుండిరి. అందలి రహస్యమును కనుగొనుమని పెద్దలు కోరగా బీజింగు నగరమున ఆయన ఆ పనికి పూనుకొనెను.

మొదట ఆరోగ్యవంతులపై పరీక్షలు జరిగెను. చర్మముపై స్వల్పమైన విద్యుత్తును క్రమముగా హెచ్చించుచు, ఎంత విద్యుత్తుకు నొప్పి తోచునో కొలిచిరి. పిమ్మట బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ నున్న స్థానమున సూదిని గ్రుచ్చి మరల కొలిచిరి. సూది దిగిన వెంటనే నొప్పి తగ్గలేదు. మెల్లమెల్లగా తగ్గుచు, సుమారు 30 నిమిషములకు మిక్కిలి తగ్గెను. సూదిని తీసిన తరువాత ఆ ఫలము ఒక్కసారిగా పోలేదు. ప్రతి 16 నిమిషములకు దాదాపు సగము చొప్పున క్షీణించెను.

ఈ ఆలస్యమే హాన్‌కు దారి చూపెను. నరములలో వార్త కనురెప్పపాటులో పరుగిడును. ఇంత మెల్లగా వచ్చి మెల్లగా పోవు ఫలమునకు కారణముగా మెదడులో ఏదో రసాయనద్రవ్యము ఊరుచుండవలెనని ఆయన ఊహించెను. కాని ఊహకు ఋజువు కావలెను. ఒక కుందేలుకు ఆక్యుపంక్చర్ స్థానమును అరగంట సేపు ప్రేరేపించి, దాని మెదడు చుట్టునుండు ద్రవమును తీసి, వేరొక కుందేలు మెదడులోనికి ఎక్కించిరి. ఏ చికిత్సయు పొందని ఆ రెండవ కుందేలునకును నొప్పి తగ్గెను! చికిత్స జరుగని కుందేలి ద్రవమునకు ఆ గుణము లేకుండెను. కుందేలునకు ఆక్యుపంక్చర్ సిద్ధాంతముపై నమ్మకముండదు గదా!

1975లో స్కాట్లండులోని అబర్డీన్ నగరమున జాన్ హ్యూస్, హాన్స్ కాస్టర్లిట్జ్ అను శాస్త్రజ్ఞులు మెదడులో సహజముగా పుట్టు, నల్లమందు వంటి గుణము గల ఎన్‌కెఫలిన్‌ను కనుగొనిరి. మరుసటి యేట కెనడాలో బ్రూస్ పొమెరాంజ్, ఆయన సహచరుడు, నల్లమందు ప్రభావమును అడ్డగించు నలాక్సోన్ అను మందును ఎలుకలకు ఇచ్చి చూచిరి. అంతట ఆక్యుపంక్చర్ ఫలము కనబడలేదు. సూదుల ద్వారా క్షణమునకు 2 మార్లు స్పందించు విద్యుత్తు ఎన్‌కెఫలిన్‌ను, 100 మార్లు స్పందించునది డైనార్ఫిన్ అను వేరొక ద్రవ్యమును విడుదల చేయునని హాన్ తరువాత చూపెను.

అయినను కథ ఇంతటితో ముగియలేదు. 2007లో జర్మనీలో నడుమునొప్పి గల 1,162 మందిపై జరిగిన పరీక్షాఫలితములు ప్రకటింపబడెను. సరియైన స్థానములలో సూదులు గ్రుచ్చినవారిలో 47.6 శాతమునకు, శాస్త్రము చెప్పని చోట్ల పైపైన గ్రుచ్చినవారిలో 44.2 శాతమునకు మేలు కలిగెను. మామూలు చికిత్స పొందినవారిలో ఇది 27.4 శాతమే. కావున సూది కొంత ఉపశమనము నిచ్చినను, ప్రాచీనులు గీసిన మార్గపటము వలననే మేలు కలుగునని చెప్పుటకు వీలులేకపోయెను. రోగి ఆశయు, వైద్యుని ఆదరణయు కూడ అందు పాలు పంచుకొనును.

మరియు నొప్పి తగ్గుట వేరు, రోగము కుదురుట వేరు. నొప్పి దేహమునకు కావలివాడు. వానిని నిద్రపుచ్చినంతమాత్రమున దొంగ పారిపోడు. పాతదైనంత మాత్రమున ఒక విద్యను త్రోసివేయరాదు. పాతదైనంత మాత్రమున తలకెత్తుకొనను రాదు. కొలిచి చూచుటయే దానికి మనము చేయదగిన గౌరవము.