మూడు వంతుల యిల్లు

విద్యార్థులారా! మన పేట పేరును ఒక్కసారి విడదీసి చూడుడు. ‘జోడు’ అనిన జంట. ఈ మాట మరాఠీవారికిని తెలియును, మనకును తెలియును. ‘బావి’ అను మాట కన్నడమునను తెలుగునను ఒక్కటియే. కావున జోడ్‌భావి పేట్ అను పేరు మూడు భాషలవారి చెవికిని సొంతమువలె వినబడును.

పేరు అందఱిదైనను కాపురములు మాత్రము వేఱువేఱుగా ఏర్పడుట నగరములలో సహజము. తెలంగాణము నుండి బ్రతుకుతెరువు వెదకుకొనుచు సోలాపురమునకు వచ్చిన పద్మశాలీలు మగ్గముల చెంతనే ఇండ్లు కట్టుకొనిరి. మరాఠీవారు, కన్నడమువారు, ఉర్దూ మాటలాడు ముస్లిములు తమ తమ బంధువుల నడుమ నిలిచిరి. క్రొత్త యూరిలో తనవారిని వెదకుకొనుట దోషము కాదు. కాని ఒకరి గడప నొకరు త్రొక్కని చోట చిన్న వదంతి సైతము పెద్ద కలహమగును. అట్టి దూరమును తగ్గించుటకు ప్రజాధనమును ఏ విధముగా వినియోగింపవలెను? ఇదియే నేటి పాఠము.

దీనికి ఉదాహరణము మన సమీపముననే కలదు. సోలాపురమున అనేక కార్మిక కుటుంబములలో పురుషులు మరమగ్గములపై పనిచేయగా, స్త్రీలు బీడీలు చుట్టుదురు. వీరిలో తెలుగువారు గలరు, ముస్లిములు గలరు, ఇతర కులములవారును గలరు. శాసనసభ్యులుగా పనిచేసిన తెలుగు కార్మిక నాయకులు శ్రీ ఆడం నర్సయ్యగారి ఆధ్వర్యమున ఈ స్త్రీలు ఒక సహకార గృహనిర్మాణ సంఘముగా ఏర్పడిరి. కుంభారి గ్రామము కడ వీరికై నిర్మించిన 10,000 ఇండ్లు 2006లో వారి చేతికి వచ్చినవి. ఆ కాలనీకి గోదూతాయి పరులేకర్ పేరు పెట్టిరి. ఆమె థానా జిల్లాలో వార్లీ గిరిజనుల పక్షమున పోరాడిన మరాఠీ వనిత.

ఇప్పుడు లెక్క చూడుడు. ఒక్కొక్క యింటికి సుమారు 60,000 రూపాయలు. ఇందులో కేంద్ర ప్రభుత్వము 20,000, రాష్ట్ర ప్రభుత్వము 20,000 ఇచ్చినవి. తక్కిన 20,000 కార్మికురాలి వంతు. అన్ని యిండ్లకు 60 కోట్లు కాగా, అందు 20 కోట్లు తునికాకు కత్తిరించిన చేతుల భారమే! ప్రభుత్వ ధనము కూడ ఆకాశము నుండి రాలినది కాదు. 1976 నాటి చట్టము ననుసరించి బీడీలపై విధించిన సుంకముతో బీడీ కార్మికుల సంక్షేమనిధి ఏర్పడినది. వైద్యము, పిల్లల విద్య, గృహము మొదలగు అవసరములకు ఈ నిధి ఉద్దేశింపబడినది. 2017లో జి.ఎస్.టి. వచ్చినపుడు ఆ సుంకము రద్దయినది.

ఈ యేర్పాటు మనుష్యులను ఎట్లు కలుపును? మొదటిది, అర్హత వృత్తిని బట్టి వచ్చినది గాని కులమును, భాషను బట్టి కాదు. రెండవది, అందఱి వంతును సమానము. కనుక ఒకరు దాత, ఒకరు యాచకుడు అను భేదము లేదు. మూడవది, నీరు, బాట, దీపము అందఱికిని ఒక్కటే. కుళాయి చెడినపుడు తెలుగు ఇల్లాలును, ఉర్దూ మాటలాడు ఇల్లాలును కలిసియే అర్జీ పెట్టవలెను. ఉపన్యాసములు పది విన్నను కలుగని పరిచయము ఇట్టి పనివలన కలుగును.

ఇదే పద్ధతి పిమ్మట విస్తరించినది. కుంభారి కడనే రే నగర్ అను పేర 30,000 ఇండ్ల నిర్మాణము తలపెట్టబడినది. అందు 15,000 ఇండ్లు 2024 జనవరి 19న ప్రారంభింపబడినవి. ప్రధానమంత్రి ఆవాస యోజన క్రింద ఇంటికి కేంద్రము ఒకటిన్నర లక్ష, రాష్ట్రము ఒక లక్ష ఇచ్చు పద్ధతి కలదు. మిగిలినది నివాసి భరింపవలెను. నేతగాండ్రు, బీడీ కార్మికులు, చిల్లర వ్యాపారులు, చిత్తుకాగితములు ఏరువారు, డ్రైవరులు ఇందు చేరియున్నారు.

అయినను ధనము గోడలను నిలుపగలదే గాని గోడకు ఆవలివారిని పలుకరింపలేదు. ఆ పని మనది. మన భాషను విడువనక్కఱలేదు. రాజ్యాంగము 30వ అధికరణము భాషా అల్పసంఖ్యాకులకు తమ విద్యాలయములను స్థాపించి నడుపుకొను హక్కు ఇచ్చినది. సహాయధనము ఇచ్చునపుడు అట్టి విద్యాలయములపై వివక్ష చూపరాదనియు చెప్పినది. ఆ సహాయధనమున మరాఠీ రైతు పన్నును, ముస్లిము కార్మికుని పన్నును కలిసియున్నవి. మన తెలుగు పాఠముల ఖర్చులో పొరుగువారి వంతు ఉన్నప్పుడు, పొరుగువారి సుఖదుఃఖములలో మన వంతు ఉండవలదా? తల్లిదండ్రులారా, పండుగనాడు పిల్లల చేతికి పళ్లెమిచ్చి పక్కయింటికి పంపుడు. వారి మాట నేర్చుకొని రమ్మనుడు. తెలుగు తఱిగిపోదు.

అభ్యాసము

1. మీ యింట బీడీ పని చేయువారున్నచో, వేయి బీడీలకు వచ్చు కూలి ఎంతయో అడిగి తెలిసికొనుడు. 20,000 రూపాయలు కూడుటకు ఎన్ని బీడీలు చుట్టవలెనో లెక్క కట్టుడు.
2. మీ వీథిలో అందఱును కలిసి వాడుకొను వసతులను వ్రాసి, వాటి ఖర్చును ఎవరు భరించుచున్నారో కనుగొనుడు.
3. మరాఠీ, కన్నడ, ఉర్దూ మాటలాడు పొరుగువారి యింట వినబడు మాటలలో మన తెలుగునను ఉన్న మాటలు పది సేకరింపుడు.