కొత్తగా కొన్న పాత డీజిల్ బండి దారిలో ఆగిపోతోందా?

కూరగాయల కోసం కొన్న సెకండ్ హ్యాండ్ బండి కొంతదూరం పోయి ఆగిపోతుంది, కాసేపటికి మళ్లీ స్టార్ట్ అవుతుంది. మెకానిక్ డీజిల్ పంపు విప్పుదామంటే వెంటనే ఒప్పుకోకండి, అది బాగా ఖర్చయ్యే పని.

ముందు ట్యాంకు మూత వదులు చేసి నడపండి. ఆగకపోతే మూతలోని గాలి రంధ్రం పూడినట్టే. అయినా ఆగితే ఫిల్టర్ మార్చి, నీళ్లు వదిలి, హ్యాండ్ పంపుతో గాలి తీసేయండి. చాలాకాలం నిలబెట్టిన బండి ట్యాంకులో మడ్డి చేరుతుంది. నడిచేటప్పుడు అది జాలీకి అతుక్కుని డీజిల్ రానివ్వదు, ఆగాక కిందికి జారిపోతుంది. మళ్లీ స్టార్ట్ అయ్యేది అందుకే!

అప్పటికీ ఆగుతుంటే, వీడియోలో చూపినట్టు శుభ్రమైన క్యాన్ నుంచి డీజిల్ ఇవ్వండి (జీవామృతం డ్రమ్ము వాడొద్దు). రిటర్న్ పైపూ అందులోనే పెట్టి, రేస్ ఇచ్చి అరగంట ఆడించండి. ఆగకపోతే లోపం ట్యాంకులోనో దాని పైపుల్లోనో ఉంది, పంపు జోలికి పోనక్కర్లేదు. కామన్ రైల్ ఇంజన్‌కి మాత్రం ఈ క్యాన్ పరీక్ష ఇంట్లో చేయకండి.