గూటి ఓవెన్‌కు కరెంటు – ఇంట్లో తెలుసుకోవలసిన పాఠం



ఒకప్పుడు మన ఇళ్లలో కరెంటు అంటే రెండు బల్బులు, ఒక ఫ్యాను. ఇప్పుడు ఫ్రిజ్, మిక్సీ, గీజర్ వచ్చాయి. ఇంటి దగ్గరే కేకులు, బన్నులు చేసి అమ్ముకోవాలని కొందరు అక్కలు ఎలక్ట్రిక్ ఓవెన్ కొంటున్నారు. కొత్తగా కట్టే ఇళ్లలో వంటగది అల్మారాలోనే ఓవెన్‌ను గూట్లో బిగిస్తున్నారు. వస్తువు కొనడానికి డబ్బు కూడబెడతాం. దానికి కరెంటు ఎక్కడి నుంచి, ఏ వైరు మీద వస్తుందో మాత్రం అడగం. ఈ హాస్టల్లో చదువుకుని పీజీ వరకు వెళ్లిన మేము ఈ సంచికకు అందుకే ఈ పాఠాన్ని ఎంచుకున్నాం. ఇది పదో తరగతి భౌతికశాస్త్రంతోనే అర్థమవుతుంది.

1. ముందు లెక్క

ఓవెన్ వెనుకనో, తలుపు అంచునో ఒక చిన్న రేకు అతికించి ఉంటుంది. దాని మీద వాట్లు, వోల్టులు రాసి ఉంటాయి. మన ఇంటి సరఫరా 230 వోల్టులు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 3000 వాట్ల ఓవెన్ అయితే 3000 ÷ 230 = 13 ఆంపియర్లు. 9 వాట్ల ఎల్ఈడీ బల్బులు 333 ఒకేసారి వెలిగించినట్లు!

మామూలు చిన్న ప్లగ్గు 6 ఆంపియర్లది. అది మోయగలిగింది 6 × 230 = 1380 వాట్లే. పెద్ద త్రీపిన్ ప్లగ్గు 16 ఆంపియర్లది. దాని హద్దు 3680 వాట్లు. కాబట్టి ఈ ఓవెన్‌ను చిన్న ప్లగ్గుకు గానీ, ఎక్స్‌టెన్షన్ బాక్సుకు గానీ ఎప్పుడూ తగిలించకూడదు. 3680 వాట్లు దాటిన ఓవెన్‌కు ప్లగ్గు పనికిరాదు. కంపెనీ పుస్తకంలో చెప్పినట్లు విడిగా నేరు కనెక్షన్ ఇప్పించాలి.

2. వైరు ఎందుకు కాలుతుంది?

తీగలో పుట్టే వేడి కరెంటు వర్గానికి అనులోమంగా ఉంటుందని జౌల్ నియమం చెబుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. లైట్లకు వేసే 1.5 వైరు మీద ఓవెన్ నడిపితే గోడలోని పైపులో అది వేడెక్కుతుంది. పైపొర మెత్తబడి, పెళుసై, ఒకరోజు రెండు తీగలు కలిసిపోతాయి.

ఓవెన్‌కు బోర్డు నుంచి నేరుగా విడి లైను రావాలి. 3000 వాట్ల ఓవెన్‌కు 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, 16 ఆంప్స్ ఎంసీబీ వేయిస్తే నిశ్చింత. ఒక సూత్రం గుర్తుంచుకోండి: వస్తువు లాగే కరెంటు కన్నా ఎంసీబీ పెద్దది, ఎంసీబీ కన్నా వైరు శక్తి పెద్దది. ఎంసీబీ మాటిమాటికీ పడిపోతోందని దాని స్థానంలో పెద్దది పెట్టిస్తే, కాలిపోయే వంతు వైరుకు వస్తుంది.

వదులు స్క్రూ కూడా అంతే ప్రమాదం. కలిసేచోట అర ఓము నిరోధం ఉన్నా చాలు. 13 × 13 × 0.5 = 84 వాట్ల వేడి ఆ ఒక్క చుక్క దగ్గర పుడుతుంది. సీసం కరిగించే సాల్డరింగ్ ఐరన్ 25 వాట్లదే ఉంటుంది కదా! మన కోట ప్రాంతంలో సముద్రపు ఉప్పుగాలికి ఇత్తడి, ఇనుము త్వరగా చిలుమెక్కుతాయి. అందువల్ల ప్లగ్గు గోధుమరంగుకు మారినా, కాలిన వాసన వచ్చినా వెంటనే వాడకం ఆపాలి.

3. ఎర్తు సంగతి

ఓవెన్ లోపల ఫేజు తీగ ఊడి ఇనుప ఒంటికి తగిలిందనుకుందాం. ఎర్తు లేకపోతే ఆ ఒళ్లంతా 230 వోల్టులు. తడి చేతితో తాకిన మనిషి నిరోధం సుమారు 1000 ఓములు అనుకుంటే, అతని గుండా 230 మిల్లీఆంపియర్లు పోతాయి. ప్రాణం తీయడానికి అది చాలు. కానీ 16 ఆంపియర్ల ఎంసీబీకి అది లెక్కలోకే రాదు, కదలదు.

ఎర్తు గుంత ఉన్నా సరిపోదు. మన తీరంలో ఇసుక నేల ఎక్కువ. ఎండాకాలంలో ఇసుక పొడిబారితే దాని నిరోధం పెరుగుతుంది. గుంత నిరోధం 20 ఓములైతే పోయే కరెంటు 230 ÷ 20 = 11.5 ఆంపియర్లే. అప్పుడూ ఎంసీబీ పడదు! ఓవెన్ ఒళ్లు ప్రాణాంతకంగానే ఉండిపోతుంది.

దీనికి మందు ఆర్‌సీసీబీ. వెళ్లిన కరెంటు, తిరిగివచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది చూస్తుంది. 30 మిల్లీఆంపియర్ల తేడా వస్తే కన్నుమూసి తెరిచేలోగా ఆపేస్తుంది. ఎంసీబీ వైరును కాపాడుతుంది, ఆర్‌సీసీబీ మనిషిని కాపాడుతుంది. రెండూ ఉండాలి. ఆర్‌సీసీబీ మీద ఉండే టెస్టు బటన్‌ను నెలకొకసారి నొక్కి, పడుతోందో లేదో చూడాలి. వేసవిలో ఎర్తు గుంతలో నీళ్లు పోయాలి.

4. రంగులతో జాగ్రత్త

ఓవెన్‌తో వచ్చే తీగలో గోధుమరంగు ఫేజు, నీలం న్యూట్రల్, ఆకుపచ్చ-పసుపు చారలది ఎర్తు. మన పాత ఇళ్ల వైరింగులో ఎరుపు, పసుపు, నీలం మూడూ ఫేజులే కావచ్చు, నలుపు న్యూట్రల్. అంటే ఒకచోట న్యూట్రల్ అయిన నీలం మరోచోట ఫేజు! రంగు చూసి కలపడం కాదు, టెస్టర్‌తో, మీటర్‌తో పరీక్షించే కలపాలి.

5. బిగించేటప్పుడు

* పని లైసెన్సు ఉన్న వైర్‌మన్ చేతనే చేయించాలి. మెయిన్ ఆపి, కరెంటు లేదని పరీక్షించాకే మొదలుపెట్టాలి.
* ప్లగ్గు ఓవెన్ వెనుక ఉండకూడదు. పక్క అల్మారాలో, చెయ్యి అందేచోట ఉండాలి. ఫేజును, న్యూట్రల్‌ను రెండింటినీ తెంచే స్విచ్చు అయితే మంచిది.
* గూట్లో గాలి ఆడేందుకు పుస్తకంలో చెప్పినంత ఖాళీ వదలాలి. వేడి వెనుకభాగానికి తీగ ఆనకూడదు.
* కరెంటు బిల్లు మీద ఇంటి లోడు చూడండి. చాలకపోతే విద్యుత్ సెక్షన్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి పెంచుకోవాలి.

ఎవరికైనా షాక్ కొడితే వట్టి చేతులతో పట్టుకోవద్దు. మొదట మెయిన్ ఆపండి. వీలుకాకపోతే ఎండిన కర్రతో విడదీసి 108కి ఫోన్ చేయండి. స్తంభం, సర్వీసు వైరు ఫిర్యాదులకు 1912.

చివరిగా ఒక మాట. మనలో చాలామంది ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మనమే. ఒకప్పుడు ఊళ్లో చదువుకున్నవాడు ఉత్తరం చదివి పెట్టేవాడు. ఇప్పుడు మనం ఓవెన్ వెనుక రేకు చదివి పెట్టాలి. ఖర్చు తగ్గుతుందని నాన్న సన్న వైరు చాలంటే, పై లెక్క కాగితం మీద వేసి చూపించండి. మన మాట వింటారు. ఈ సెలవులకు ఇంటికి వెళ్లగానే మూడు చూసి రండి: మీ ఇంట్లో ఎర్తు ఉందా? ఆర్‌సీసీబీ ఉందా? పెద్ద వస్తువులకు విడి లైను ఉందా? లేనివాటి జాబితా రాసి, ముందుగా ఆర్‌సీసీబీ పెట్టించండి. పరీక్షలో ఈ పాఠానికి మార్కులు కొన్నే. ఇంట్లో మాత్రం ఇది అమ్మ ప్రాణంతో సమానం.